ఏప్రిల్ పద్దెనిమిదిన వచ్చిన మార్చి ఎనిమిది

మహిళా దినోత్సవం మగవాళ్ళ పాలిట వరం! ఈ మాట కాదన్నవాడు జన్మలో ఏ సంఘంలోనూ కార్యవర్గ సభ్యుడిగా పనిచేసి ఉండడు.

ఆలోచించండి. ఏడాది పొడుగునా మనకు మైకు ఎవరిస్తున్నారు? ఆఫీసులో మేనేజరు మాట్లాడతాడు, మనం వింటాం. ఇంట్లో టీవీ మాట్లాడుతుంది, మనం వింటాం. ఆ ఒక్క రోజున మాత్రం మైకు నడుచుకుంటూ మన చేతికొస్తుంది. ఎదురుగా రెండు వందల మంది ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని కూర్చుంటారు. భోజనాలు మన ఉపన్యాసాల తర్వాత కాబట్టి లేచి వెళ్ళరు. ఇంతకన్నా భాగ్యం ఏముంది?

ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు పుష్కలంగా ఉంది. నేను కువైట్‌లో మా తెలుగు సంఘం మహిళా విభాగానికి కన్వీనర్‌ని. పేరు ఉదయ్‌కుమార్. మాది అమలాపురం దగ్గర. మిర్కాబ్‌లో ఒక కంపెనీ ఆఫీసులో ఫైళ్ళు చూసుకుంటాను. మీసాలున్నాయి.

మహిళా విభాగానికి మగ కన్వీనరేమిటని కొందరు గిట్టనివాళ్ళు అడుగుతుంటారు. సంఘం నియమావళి ప్రకారం అసలు కన్వీనర్ మా ఆవిడ సత్యశ్రీ. ఆవిడ నర్సు. సమావేశాలన్నీ ఆవిడ డ్యూటీ వేళల్లోనే పెట్టేవాళ్ళం. కావాలని కాదు, ఆవిడ డ్యూటీ ఎప్పుడో ఎవరమూ అడగలేదు, అంతే! మొదటి సమావేశానికి ఆవిడ తరఫున నేను వెళ్ళాను. రెండో సమావేశానికి ఆవిడ తరఫున మాట్లాడాను. మూడో సమావేశానికి ఆవిడ తరఫున అనే మాట మినిట్స్ పుస్తకంలోంచి రాలిపోయింది. నాలుగేళ్ళయింది. మహిళా విభాగం నా నాయకత్వంలో నిరాటంకంగా ముందుకు పోతోంది.

మహిళా దినోత్సవానికి పెద్ద చరిత్రే ఉంది. ఏటా దాన్ని సభలో చదివేది నేనే కాబట్టి నాకు కంఠతా వచ్చు. 1909లో అమెరికాలో సోషలిస్టులు మొదటిసారి ఆడవాళ్ళ పేరున ఒక రోజు జరిపారు. మరుసటి ఏడాది కోపెన్‌హాగెన్‌లో కలుసుకున్న ఆడవాళ్ళు, ఇది అన్ని దేశాల్లోనూ జరగాలన్నారు. 1917లో రష్యాలో బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు మిషన్లు ఆపేసి, రొట్టె కావాలంటూ వీధుల్లోకి వచ్చారు. వారం తిరిగేసరికి చక్రవర్తి గద్దె దిగాడు. వాళ్ళు వీధిలోకి వచ్చిన ఆ రోజు మన క్యాలెండర్‌లో మార్చి ఎనిమిది.

అంటే ఏమిటి? ఆ రోజున ఆడవాళ్ళు పని మానేశారు. మాకు తిండి పెట్టండి అని అడిగారు. మేం ఆ చరిత్రను గౌరవిస్తూ, అదే రోజున ఆడవాళ్ళకు వంటల పోటీ పెడతాం!

మా సంఘానికి ఇంకా చాలా సంప్రదాయాలున్నాయి. మొదటి ఏడు ముగ్గుల పోటీ. హాలు కార్పెట్ మీద పిండి పోయొద్దని హోటల్‌వాళ్ళు అడ్డుపడితే చార్టు కాగితాల మీద వేయించాం. జడ్జి మా అధ్యక్షుడు దొరబాబుగారు. ఆయన కళ్ళకు ముగ్గులన్నీ ఒకలాగే కనబడ్డాయి కాబట్టి, అన్నిటికన్నా పెద్ద కాగితానికి బహుమతి ఇచ్చారు. రెండో ఏడు వంటలపోటీకి పదకొండు మంది మగ జడ్జీలు పొద్దుటినుంచీ కడుపు మాడ్చుకుని మరీ తీర్పు చెప్పారు. మూడో ఏడు చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగు. గెలిచినావిడకు ప్రెషర్ కుక్కర్. మహిళల విజయానికి ప్రెషర్ కుక్కర్‌ను మించిన చిహ్నం ఉందా చెప్పండి?

ఈ ఏడాది ఒక చిక్కొచ్చిపడింది. మార్చి ఎనిమిది రంజాన్ నెలలో పడింది. ఉపవాసాల నెలలో పట్టపగలు పులిహోరలూ గారెలూ పెట్టుకుని సభ జరపలేం కదా. రంజాన్ అయ్యాక జరపాలి. మరి ఎప్పుడు?

"మే పదహారున పెట్టకూడదా?" అంది సత్యశ్రీ, ఇంట్లో. "ఈ దేశపు ఆడవాళ్ళకి ఓటు హక్కొచ్చిన రోజు. 2005లో వచ్చింది. ఏటా జరుపుకుంటారు ఇక్కడ. మా క్లినిక్‌లో కూడా కేకు కోస్తారు."

నాకు నచ్చింది. నోట్ చేసుకుంటున్నాను.

"ఇంతకీ మన సంఘంలో నాకు ఓటుందా అండీ?" అంది.

"ఎందుకు లేదు? మన కుటుంబానికి ఒక ఓటుంది."

"అదెవరేస్తారు?"

"కుటుంబ పెద్ద."

ఆవిడ నా వంక చూసింది. నేను మే పదహారును కొట్టేశాను. ఆ తారీఖు కొంచెం ప్రమాదకరంగా అనిపించింది. పైగా మేలో ఎండలు!

చివరకు ఏప్రిల్ పద్దెనిమిది, శుక్రవారం ఖాయం చేశాం. శుక్రవారమైతే అందరికీ సెలవు. అందరికీ అంటే, మాకు.

కార్యవర్గ సమావేశంలో దొరబాబుగారు ఒక గొప్ప ఆలోచన బయటపెట్టారు. ఆయనది రాజోలు ప్రాంతం. ఇక్కడ కార్గో వ్యాపారం. మంచి మనిషి. ఆయన దగ్గర ఒకటే లోపం, మైకు.

"ఏటా మన మెంబర్ల ఆవిడలకే శాలువాలు కప్పుతున్నావండీ. ఫేస్‌బుక్‌లో ఎవడో ఎటకారంగా రాసేడు. ఈసారి నిజంగా కష్టపడే ఆవిణ్ణి ఒకావిణ్ణి పట్టుకొచ్చి సన్మానం చేసేద్దావండీ. ఆదర్శ శ్రామిక మహిళ! ఎలాగుందండీ పేరు?"

పేరు అద్భుతంగా ఉంది. ఇక మనిషి కావాలి.

మనిషిని చూపించింది సత్యశ్రీయే. ఆవిడ క్లినిక్‌కు అర్దియా నుంచి ఒక కువైటీ ముసలావిడ వస్తుంటుందట. తోడు తిరుపాలమ్మ. రాయచోటి వైపు పల్లె. ఇరవై మూడేళ్ళుగా ఆ ఇంట్లోనే పని. మొదట వంట, తర్వాత పిల్లల పెంపకం, ఇప్పుడు ముసలావిడకు సేవ. ఆ ముసలావిడ డాక్టర్ చెప్పినా మందు మింగదు, తిరుపాలమ్మ కళ్ళెర్రజేస్తేనే మింగుతుందట.

"కానీ ఆవిడకి వీలవుద్దో లేదో ముందు కనుక్కోండి" అంది సత్యశ్రీ. "నెలకో శుక్రవారమే సెలవు ఆవిడకి. రంజాన్ అంతా అదీ లేదు. ఉపవాసం విడిచినప్పట్నించి తెల్లారగట్ట భోజనాల దాకా వంటింట్లోనే ఉండి ఉంటది."

కనుక్కోకుండా ఎలా ఉంటాను? వెంటనే ఫోన్ చేశాను. తిరుపాలమ్మకు కాదు, ఆ ఇంటి యజమానురాలికి. పనిమనుషులు మామా అని పిలిచే ఆవిడకు. పద్ధతి అది కదా! నాకొచ్చిన అరబ్బీ అంతా కూడగట్టుకుని, మీ తిరుపాలమ్మకు ఏప్రిల్ పద్దెనిమిదిన సన్మానం చేస్తున్నాం, పంపడానికి దయచేసి అనుమతివ్వండి అని వేడుకున్నాను.

ఆవిడ చాలా సంతోషించింది. మబ్రూక్, అభినందనలు అంది. తర్వాత కొంచెం ఆశ్చర్యంగా, "ఆ శుక్రవారం ఆమె సెలవు. నన్నెందుకు అడుగుతున్నావు? ఆమెను అడుగు" అంది.

ఎంత సంస్కారం! అనుమతి వచ్చేసినట్టేగా. ఇక అడగాల్సిన పనేముంది? తిరుపాలమ్మకు ఫోన్ చేసి విషయం తెలియజేశాను.

"శుక్రారమా సార్?" అంది ఆవిడ. "ఆ పొద్దు మా పాప..."

"మామా ఒప్పుకుంది! మీరేం భయపడకండి. పది గంటలకల్లా హాల్లో ఉండండి. అర్ధగంటలో అయిపోతుంది."



"అర్ధగంటేనా సార్?"

"అర్ధగంటే."

"సరే సార్. వచ్చాలే."

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఎవరినైనా గౌరవించాలంటే ముందు వాళ్ళ మాట వినకూడదు. వింటే మొహమాటపడతారు, కాదంటారు, గౌరవం జరగదు. సన్మానాల రంగంలో అనుభవం ఉన్న ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

ఏప్రిల్ పద్దెనిమిది వచ్చింది. మిర్కాబ్‌లో ఒక హోటల్ రెండో అంతస్తులో హాలు. గుమ్మం మీద పెద్ద బ్యానర్. దాని మీద పద్నాలుగు మంది కార్యవర్గ సభ్యుల ఫొటోలు. మహిళా దినోత్సవం కాబట్టి, మధ్యలో జుట్టు గాలికి ఎగురుతున్న ఒక ఆడమనిషి నీడబొమ్మ. ముఖం ఉంటే ఎవరి ముఖమనే తగాదా వస్తుందని నీడతో సరిపెట్టాం.

తిరుపాలమ్మ సరిగ్గా పది గంటలకు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఆకుపచ్చ చీర, చేతిలో పెద్ద సంచి. హాల్లో ఆవిడా, నేనూ, కుర్చీలు తుడుస్తున్న ఇద్దరు హోటల్ పనివాళ్ళూ తప్ప ఎవరూ లేరు. ఆవిడను మొదటి వరసలో కూర్చోబెట్టి, ఆదర్శ శ్రామిక మహిళ అని రాసిన బ్యాడ్జి పెట్టాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టించాను.

"సార్, పదిన్నరకి పోవచ్చునా?" అంది.

"ముఖ్య అతిథి రావాలమ్మా. ఆయన రాగానే మొదలు."

ముఖ్య అతిథి పదకొండూ నలభైకి వచ్చాడు. ఏం చేస్తాం, ముఖ్యమైనవాళ్ళు ఆలస్యంగానే వస్తారు. పది గంటలకు వచ్చినవాళ్ళను ఎవరు ముఖ్యమంటారు?

ఆయనను స్టేజీ ఎక్కించి, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. గుమ్మం చాలా కీలకమైన చోటు. కిందటేడు పాసులు లేనివాళ్ళు భోజనాలకు చొరబడ్డారు. అందుకని ఈసారి 'పాసు లేనివారికి ప్రవేశం లేదు' అనే నియమం నేనే రాశాను, నేనే టైపు చేశాను, నేనే అంటించాను. అమలు చేసే బాధ్యత కూడా నేనే తీసుకున్నాను.

ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. చుడీదార్, తలకు స్కార్ఫు. ఎండలో నడిచొచ్చినట్టుంది, ముఖం ఎర్రగా కందిపోయింది. లోపలికి తొంగి చూసింది.

"పాసమ్మా?"

"పాసు ల్యా సార్. మా యమ్మ లోపలుండాది."

నాకు భలే సమయస్ఫూర్తి ఉంది. "ఇవాళ అందరి అమ్మలూ లోపలే ఉన్నారమ్మా! మహిళా దినోత్సవం కదా!" అన్నాను. పక్కనున్న ఇద్దరు వాలంటీర్లు గట్టిగా నవ్వారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. "ఒక్కతూరి పిలుచ్చారా సార్? ఫోనెత్తడంల్యా."

"ప్రోగ్రాం నడుస్తోంది. అయ్యాక అందరూ కిందికే వస్తారు. కింద కూర్చో."

ఆ అమ్మాయి ఒక క్షణం నా బ్యాడ్జి వైపు చూసింది. దాని మీద 'కన్వీనర్, మహిళా విభాగం' అని ఉంది. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది. నియమం నిలబడింది.

లోపల సభ ఉధృతంగా సాగుతోంది. స్టేజీ మీద పద్నాలుగు మంది మగవాళ్ళు. ఆడవాళ్ళు లేరంటారేమో, ఇద్దరున్నారు! ఒకావిడ ప్రార్థనాగీతం పాడి దిగిపోయింది. ఇంకో ఆవిడ పూలబొకేల పళ్ళెం పట్టుకుని చివరిదాకా నిలబడింది. దొరబాబుగారు స్త్రీ సహనానికి మారుపేరు అనే అంశం మీద నలభై నిమిషాలు మాట్లాడి, ఎదురుగా కూర్చున్నవాళ్ళ చేత ఆ విషయం నిరూపించారు. ముఖ్య అతిథి తన తల్లి గురించి మాట్లాడుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. భార్య గురించి ఏమీ చెప్పలేదు. ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది.

తిరుపాలమ్మ రెండుసార్లు లేచి నా దగ్గరికొచ్చింది.

"సార్, నన్ను ఎప్పుడు పిలుచ్చారు?"

"మీదే హైలైట్ అమ్మా. హైలైట్ చివర్లో ఉంటుంది."

రెండోసారి, "సార్, నేను పొయ్యి మళ్ళొచ్చా" అంది.

"ఇప్పుడెళ్తే ఎలాగమ్మా? మీ కోసమే కదా ఇదంతా!"

ఆవిడ వెళ్ళి కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

ఒంటిగంటన్నరకు భోజనాలు. వడ్డించడానికి వస్తామన్న ఇద్దరు మనుషులు రాలేదు. బఫే దగ్గర తోపులాట. ఒక పక్క సాంబారు గిన్నె ఒరిగిపోతుంటే ఒక చెయ్యి ఠక్కున దాన్ని పట్టుకుంది. తిరుపాలమ్మ! బ్యాడ్జి తీసి సంచిలో వేసేసి, కొంగు బిగించి, గరిటె అందుకుంది. "వరసన రాండి, వరసన రాండి, అందురికీ వచ్చాది" అంటూ నిమిషంలో క్యూ కట్టించింది. పద్నాలుగు మంది కార్యవర్గ సభ్యులం చేయలేని పని!

జనం ఆవిడను హోటల్ మనిషి అనుకున్నారు. "అమ్మా, ఇటు అన్నం", "ఏమ్మా, నీళ్ళేవీ?" అని కేకలు. దొరబాబుగారు కూడా ప్లేటు చాపి, "కాస్త పెరుగెయ్యమ్మా, ఆయ్, చాలు చాలు" అన్నారు. నలభై నిమిషాలపాటు శ్రామిక మహిళను పొగిడిన మనిషి, ఆ శ్రామిక మహిళ చేతి పెరుగన్నం తిని, మూతి తుడుచుకుని వెళ్ళిపోయారు.

నేను చూశాను. వారించాలనుకున్నాను. అప్పుడే నా ప్లేట్లో అప్పడం లేదని గమనించాను.

భోజనాల తర్వాత పాటల పోటీ, కవితాపఠనం, చెంచా నిమ్మకాయ. మూడూ పావుకు హైలైట్ వచ్చింది. నేనే మైకు తీసుకున్నాను. "ఇరవై మూడేళ్ళుగా పరాయి గడ్డ మీద కొవ్వొత్తిలా కరుగుతూ వెలుగునిస్తున్న మాతృమూర్తి, శ్రీమతి తిరుపాలమ్మ!"

చప్పట్లు మార్మోగాయి.

మొదటి వరసలో కుర్చీ ఖాళీగా ఉంది.

మళ్ళీ పిలిచాను. మళ్ళీ చప్పట్లు. కుర్చీ కదల్లేదు.

ముఖ్య అతిథి శాలువా విప్పి పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు వేరే ఊళ్ళో వేరే మహిళా దినోత్సవం ఉంది. ఫొటోగ్రాఫర్ "సార్ సార్, కానివ్వండి" అంటున్నాడు. దొరబాబుగారు క్షణం ఆలోచించలేదు. నా భుజం పట్టుకుని ముందుకు లాగి, "మహిళా విభాగం కన్వీనరు గారు ఆవిడ తరఫున స్వీకరిస్తారండీ!" అన్నారు. ఎర్ర శాలువా నా మీద పడింది. జ్ఞాపిక నా చేతిలో పడింది. ఫ్లాష్ మెరిసింది.

సంఘం పేజీలో ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. 'ఆదర్శ శ్రామిక మహిళ పురస్కార ప్రదానం.' మీసాలు స్పష్టంగా వచ్చాయి.

స్టేజీ దిగగానే దొరబాబుగారు నా చెవిలో, "ఆవిడెక్కడుందో చూసి గబుక్కున లాక్కొచ్చెయ్యండి. ఇంకో ఫొటో తీసేద్దాం. ఇది బాగోదండీ" అన్నారు. నేను ఆ శాలువాతోనే బయల్దేరాను.

హాలు బయట లేదు. లిఫ్టు దగ్గర లేదు. కిందికి దిగాను. హోటల్ పక్కన ఒక టైలరింగ్ షాపు ఉంది. శుక్రవారం కాబట్టి మూసి ఉంది. దాని ముందు నీడపట్టున మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పక్కన రెండు ఖాళీ పేపర్ ప్లేట్లు. పై మెట్టు మీద తిరుపాలమ్మ. కింది మెట్టు మీద, ఆవిడ మోకాళ్ళకు వీపు ఆనించి, పొద్దున నేను వెనక్కి పంపిన అమ్మాయి. తిరుపాలమ్మ ఆ అమ్మాయి తల దువ్వుతోంది.

నన్ను చూసి తిరుపాలమ్మ లేవబోయింది. "సార్, పిలిచినారా? అరవొద్దు సార్, వచ్చాండ. రెండు పాయలు వేసినా, ఇంగొకటే."

అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. తల తిప్పుకుంది.

"మా పాప సార్. రమణి. షుఐబాలో కంపెనీ ఆఫీసుల్లో క్లీనింగు పని. కాంట్రాక్టు ఖలాస్ అయిపాయ. రేప్పొద్దన ఊరికి పోతాండాది."

"రేపా?"

"రేపే సార్. రంజాన్‌కి ముందర చూసుకున్యాము, మళ్ళ ఈపొద్దే. పాప పన్నెండు గాకముందే వచ్చినాదంట. పైన యెవురో రానియ్యల్యాంట."

నేను ఆ యెవరో ఎవరా అన్నట్టు వీధి వైపు చూశాను. రమణి నోరు విప్పలేదు. ఆ పిల్ల ఒక్క మాట చెప్పి ఉంటే నాకు ఎక్కడ తలపెట్టుకోవాలో తెలిసేది కాదు. చెప్పలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

రెండు మెట్ల కింద ఆ సంచి తెరిచి ఉంది. పాలపొడి డబ్బా, ఖర్జూరాలు, చిన్నపిల్ల గౌను. రమణికి నాలుగేళ్ళ కూతురుందట. రెండేళ్ళప్పుడు వదిలి వచ్చింది. "తల్లి మొగం మర్చిపోయింటాది సార్, దగ్గిరికి రాదేమో. రాకపోతే ఏడవద్దు, రెండ్రోజులు ఓపిక పట్టు అని చెప్తాండ. దీన్ని ఇడిసిపెట్టి నేనొచ్చినప్పుడూ అంతే. తిరిగి పోతే, ఎవురే ఈమె అని వాళ్ళవ్వని అడిగినాది" అంది తిరుపాలమ్మ. ఆవిడ నవ్వుతూనే చెప్పింది. చేతులు జడ అల్లుతూనే ఉన్నాయి.

నా జేబులో ఫోన్ మోగింది. దొరబాబుగారు.

"దొరికిందాండీ ఆవిడ? ముఖ్య అతిథి గారు మెట్ల మీదున్నారు, ఓ ఐదు నిమిషాలు ఆపేను. గభాల్న తెచ్చెయ్యండి!"

టైం చూశాను. మూడున్నర. నాలుగింటికి తిరుపాలమ్మ పనిచేసే ఇంటి డ్రైవర్ వస్తాడని ఆవిడ పొద్దునే చెప్పింది. పైకి తీసుకెళ్తే శాలువా, ఫొటో, దొరబాబుగారి చిరు ప్రసంగం, వందన సమర్పణ. నాకు తెలియదా ఆ ఐదు నిమిషాలంటే ఎంతో? తిరుపాలమ్మ దువ్వెన పట్టుకుని నా ముఖం వైపు చూస్తోంది. లేవమంటే లేచేలా ఉంది. ఇరవై మూడేళ్ళ అలవాటు.

"కనబడలేదండీ" అన్నాను ఫోన్లో. "వెళ్ళిపోయినట్టున్నారు."

"వెళ్ళిపోయిందా! ఎంత నిర్లక్ష్యవండీ ఈ జనాలకి!"

"ఆయ్" అన్నాను.

నాలుగేళ్ళలో మహిళల కోసం నేను చేసిన మొదటి పని ఆ అబద్ధం.

ఫోన్ పెట్టేసి, శాలువా తీసి తిరుపాలమ్మకు ఇచ్చాను. స్టేజీ మీద చెప్పాల్సిన వాక్యాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్కటీ రాలేదు. "మీదేనమ్మా" అన్నాను. ఆవిడ దాన్ని చేత్తో తడిమి చూసి, "మందంగా ఉండాది" అని రమణి ఒళ్ళో పెట్టింది. "ఏరోప్లేన్లో సలి పెడతాది, కప్పుకో." జ్ఞాపికను మాత్రం మర్యాదగా వెనక్కిచ్చింది. గాజు కదా, సామానులో పగిలిపోతుందంది.

"అమ్మాయ్" అన్నాను రమణితో. "పొద్దున... నాకు తెలియలేదు."

"చెప్పినా కదా సార్" అంది.

అంతే అంది. నిజమే, చెప్పింది. నేను పక్కకు వెళ్ళి, లిఫ్టు లోంచి వచ్చేవాళ్ళకు వాళ్ళు కనబడకుండా ఆ మూల నిలబడ్డాను. ఒకరిద్దరు సభ్యులు ఎవరి కోసమని అడిగితే, టాక్సీ కోసమన్నాను. ఆ రోజు నేను అబద్ధాల్లో ఆరితేరాను.

నాలుగింటికి ఆ ఇంటి డ్రైవర్ లాల్ బాషా కారు ఆపాడు. "అక్కా, యల్లా, పోదాం" అన్నాడు, కానీ హారన్ కొట్టలేదు. తల్లీకూతుళ్ళు ఎక్కువసేపు పట్టుకుని ఏడవలేదు. తిరుపాలమ్మ కూతురి చెంపలు రెండూ గట్టిగా నిమిరింది. "పోయినాక ఫోన్ చెయ్యి. బిడ్డను కొట్టొద్దు" అంది. కారెక్కింది. రమణి సంచి భుజానికి వేసుకుని బస్టాపు వైపు నడిచింది. నేను సంచి పట్టుకుంటానన్నాను. వద్దంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి సత్యశ్రీ డ్యూటీ నుంచి వచ్చి ఉంది. ఫొటో అప్పటికే చూసింది. నా మీసాలూ శాలువా చూసి కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. తర్వాత జరిగింది చెప్పాను. నవ్వాపేసింది.

"ఆ పిల్లని ఎంతసేపు కూర్చోబెట్టేరు కింద?"

"రెండున్నర గంటలు."

ఆవిడ లేచి వెళ్ళి తిరుపాలమ్మకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. మహిళా విభాగం తొలి ఆంతరంగిక సమావేశం అదేననుకుంటాను. కన్వీనర్‌ని పిలవలేదు!

వారం తర్వాత సమీక్షా సమావేశం జరిగింది. పులిహోరలో ఉప్పు గురించి ఇరవై నిమిషాలు, బ్యానర్‌లో ఫొటోల సైజు గురించి గంట చర్చ. చివర్లో, సన్మానం అందుకోకుండా వెళ్ళిపోయిన తిరుపాలమ్మ ప్రవర్తన మీద విచారం వ్యక్తం చేస్తూ తీర్మానం పెడదామన్నారు దొరబాబుగారు.

నేను లేచాను. అబద్ధం ఆడానని ఒప్పుకున్నాను. మెట్ల సంగతి, రమణి సంగతి, పాసు సంగతి, పెరుగు సంగతి, అన్నీ చెప్పాను. పెరుగు దగ్గర దొరబాబుగారు తల దించుకున్నారు. ఆయన మంచి మనిషని ముందే చెప్పాను. రమణి క్షేమంగా ఊరు చేరిందని, మొదటి రోజు కూతురు దగ్గరికి రాలేదని, రెండో రోజు నుంచి చంక దిగడంలేదని సత్యశ్రీ ద్వారా తెలిసిన కబురు కూడా చెప్పాను. 

"అందుకని నాదొక ప్రతిపాదనండీ" అన్నాను. "దినోత్సవంలో ఉత్సవం మనం ఉంచేసుకుందాం. మనకి అదే కదా కావాలి, మైకులూ దండలూ మనమే వేసేసుకుందాం. దినం మాత్రం ఆడవాళ్ళకి వదిలేద్దాం. వాళ్ళ సెలవు రోజు వాళ్ళకుంటే చాలు. మనం పిలవొద్దు."

దొరబాబుగారు చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు. కళ్ళు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఎంత గొప్ప మాట చెప్పేరండీ ఉదయ్ గారూ! ఇది మన నలుగురం వింటే చాలదండీ. అందరికీ తెలియాలి. దీని మీద ఓ పెద్ద సభ పెట్టేద్దావండీ. ఆడవాళ్ళందర్నీ పిలిచేద్దాం. వచ్చే శుక్రవారవే, పొద్దుట పదింటికల్లా!"

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.